గీత వెంబడి

పొగ అలారం మొత్తుకుంటోంది గోడ అవతల.
చెవి మిషను తీసి బల్ల మీద పెట్టినా వినపడింది,
అంటే ఈసారి గట్టిగానే అంటుకుందన్నమాట.

చెప్పులు ఒకటి నాది, ఒకటి చచ్చిపోయిన మా ఆయనది
తగిలించుకుని వెళ్లి తలుపు బాదాను.
ముక్బిల్ తీశాడు.
ఒక చేతిలో తువ్వాలు, ఒక చేతిలో రేడియో,
వెనక వంటగదంతా నీలంగా పొగ.
"పాలు," అన్నాడు.
ఇంకేం అనలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు అటర్‌క్లిఫ్‌లో కొలిమి ముందు నిలబడ్డ మనిషి.
ఉక్కు కరిగిన రంగు చూసి
ఇప్పుడు పొయ్యండి, ఇప్పుడు ఆగండి అని చెప్పేవాడట.
ఆ రంగుకి వాళ్ల ఏడెన్‌లో పేరుందట,
షెఫీల్డ్‌లో లేదట.
అట్లాంటివాడికి
యాలకులేసిన అరలీటరు పాలకి కాపలా కాయడం చేతకాలేదు.
తొంభయ్యో నిమిషంలో గోలు పడిందట మరి.
"ఏం చెయ్యమంటావు డోరీన్?"

గిన్నె చూశాను.
అడుగున తారురోడ్డు.
పాల మాడు ఒక రకం, చక్కెర మాడు ఒక రకం.
రెండూ కలిస్తే
ఇద్దరు మొండివాళ్ల కాపురం,
ఎవరూ వదలరు.

అప్పటికే ఇనుప పీచు పట్టుకుని ఉన్నాడు.
చేతి మీద ఒక్కటిచ్చాను.

నేను పదిహేనో ఏట చేరాను చెంచాలకి మెరుగు పెట్టే పనిలో.
నడుముకి గోధుమరంగు కాగితం, తలకి ఎర్ర గుడ్డ,
తిరిగే చక్రం మీద నూనె, ఇసుక.
సాయంత్రం బస్సులో మా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.
ముక్కు చీదితే నల్లగా వచ్చేది.
మా మీద పెత్తనం చేసే మిసెస్ బాగ్‌షా
నోరు తెరిస్తే తిట్టు, తిట్టు కాకపోతే ఈ ఒక్క మాట:
ఉక్కుకీ వాలు ఉంటుందే పిల్లా, పిల్లి వీపుకున్నట్టు.
ఆ గీత వెంబడే పో.
అడ్డంగా రుద్దావా, అది నిన్ను జన్మలో మర్చిపోదు.

అతను పోసిన ఉక్కే నా చెంచాలయిందేమో అని
ఒకసారి ఇద్దరం కూర్చుని లెక్కలేశాం.
వాళ్ల మిల్లు రైలు ఇరుసులు చేసేదట.
ఆ ముచ్చట అక్కడితో తెగింది.

నీళ్లు పోశాను, మాడు మునిగేదాకా.
వంటసోడా, గుప్పెడు కాదు, రెండు చెంచాలు.
సన్న సెగ.
ఇక కూర్చో, అన్నాను.
ఎంతసేపు?
కూర్చో.
తోమడంలో సగం పని తోమకుండా ఉండటమే.
కాలిన వాసనలో పాలు లేని టీ తాగాం,
కిటికీ తెరిస్తే వాన లోపలికొచ్చింది, రానిచ్చాం.

నీళ్లు మరిగి మరిగి టీ రంగుకొచ్చాయి.
చెక్క గరిటె అంచు ఇలా పెట్టానో లేదో
పొర లేచింది, ఎండిన చెరువు పెచ్చులా,
ఒకటి, పక్కనే ఇంకొకటి.
చేతి కీళ్లు నొప్పి అన్న సంగతి
కాసేపు నాకూ గుర్తు లేదు.

చివరికి తెల్లటి అడుగు బయటపడింది.
తెల్లగా అంటే తెల్లగా కాదు,
నెమలి మెడలా ఊదా, నీలం, బంగారు చారలు.
దీనికి వెనిగర్ చుక్క చాలు, అని సీసా ఎత్తాను.
చెయ్యి అడ్డం పెట్టాడు.

కళ్లజోడు పైకి తోసి, గిన్నె దీపం కిందికి వంచి
పాత ఉత్తరం చదివినట్టు చదివాడు:
ఇక్కడ ఎండుగడ్డి రంగు, సెగ తక్కువ.
ఇక్కడ ఊదా.
ఇక్కడ నీలం, మంట మొత్తం ఈ పక్కకే ఎగబడింది.
"పొయ్యి కన్నాలు ఆ వైపు పూడుకుపోయాయి డోరీన్,
గోలు తప్పు కాదు."
వయసు మనిషిలా గట్టిగా నవ్వాడు.

సగం గోలు తప్పే, అన్నాను నేను.
వెనిగర్ సీసా అక్కడే వదిలేసి వచ్చాను.

రాత్రి చెవి మిషను పెట్టుకుంటే
గోడ అవతల గుండుసూదితో గీకుతున్న చప్పుడు,
ఒక కన్నం, ఆగి, ఇంకో కన్నం.
మంట ఆపేసి చెయ్యవయ్యా అని గోడ మీద కొట్టాను.
వినలేదు.
రేడియో పెట్టుకున్నాడు.